మాదాపూర్ సెల్లార్‌లో నీళ్లు చొరబడని తలుపు

"కోపం చల్లారాక రాయండి" అంది మా ఆవిడ. ఏడాది ఆగాను. చల్లారలేదు. ఇక ఆగి లాభం లేదని తేలింది కాబట్టి రాస్తున్నాను.

నౌకాదళంలో చేరిన కొత్తలో పట్టుకున్న డైరీ అలవాటు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఎవరు ఏమన్నారో ఏ రోజుకారోజు రాసుకుంటాను. కాబట్టి ఇందులో మాటలు నేను ఊహించి రాసినవి కావు. పేర్లు మాత్రం రాయను. రాస్తే ఇది ఫలానా నలుగురి మీద కోపం అయిపోతుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు ఎక్కువ మండేది అందుకే. చెడ్డవాళ్లయితే పోనీలే అనుకునేవాణ్ని.

మెడలో కార్డు వేసుకుని పొద్దున్నే గాజు భవనాల్లోకి వెళ్లే పిల్లలు మీరు. ఇది మీ కోసమే రాస్తున్నాను. మీరు రేపు ఏదో ఒక మీట ముందు కూర్చుంటారు. నొక్కమని ఎవరో చెబుతారు.

నేను చాలా ఏళ్లు పనిచేసిన యుద్ధనౌక సముద్రంలో తన పని ముగించుకుంది. దాన్ని తుక్కుకు ఇవ్వకుండా తీరంలోని ఒక ఊళ్లో ఒడ్డుకు చేర్చి, జనం ఎక్కి చూసే మ్యూజియంగా మార్చాలని నిర్ణయించారు. పిల్లలతో వచ్చే కుటుంబాలకు నచ్చేటట్టు లోపల ఆటలూ బొమ్మలూ శబ్దాలూ ఏర్పాటు చేసే పని మాదాపూర్‌లో ఒక కంపెనీకి వచ్చింది. సముద్రానికి ఇంత దూరంలో ఓడ లోపలి సరంజామా తయారవడం వింతగా అనిపించవచ్చు. అక్కడ తయారు కానిదంటూ ఏముంది? ఆ ఓడ ఇంజన్ గదిలో పనిచేసిన మనిషి కూకట్‌పల్లిలో ఉన్నాడని ఎవరో చెబితే నాకు ఫోన్ చేశారు. రిటైరై, పార్కులో నడవడం, కరెంటు బిల్లు కట్టి రావడం తప్ప వేరే పని లేని నాకు ఆ ఫోన్ పండగలా వచ్చింది. దాచను. పాత ఇస్త్రీ చొక్కాలన్నీ మళ్లీ బయటికి తీశాను. హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి మెట్రో ఎక్కి, హైటెక్ సిటీలో దిగి, అక్కణ్నుంచి నడిచి వెళ్లేవాణ్ని.

వాళ్ల భవనం కింద సెల్లార్‌లో, కార్లు పెట్టే చోట, ఓడ లోపలి భాగం ఒకటి కట్టారు. ఇరుకు నడవా, నిచ్చెన, దాని చివర ఒక గది. అన్నీ ప్లైవుడ్డూ పల్చటి రేకూను, పైన బూడిదరంగు. ఇక్కడ అన్నీ సరిచూసుకుని, తర్వాత విడదీసి లారీల్లో ఓడకు పంపించి, అసలు గదుల్లో బిగిస్తారన్న మాట. అందులో తలుపు మాత్రం నిజమైనది. మా ఓడ నుంచే ఊడదీసి తెచ్చారు. ఉక్కు తలుపు, చుట్టూ రబ్బరు అంచు, పట్టి బిగించే గొళ్లేలు. ఒక గదిలోకి నీళ్లు వస్తే పక్క గదిలోకి పోకుండా ఆపే తలుపు అది. మొదటి రోజు దాని మీద చెయ్యి పెట్టాను. గొళ్లెం పక్కన రంగు పెచ్చు లేచిన మచ్చ నాకు తెలిసినదే. 

ఆ తలుపుకి వాళ్లు మోటారు బిగించారు.

ఆట ఇలా ఉంటుంది. అమ్మా నాన్నా పిల్లలూ గదిలోకి వెళతారు. ఓడకు గండి పడిందని మైకులో వినిపిస్తుంది. ఎర్ర దీపాలు, సైరను, నీళ్లు దూకే శబ్దం, తెల్లటి పొగ. తలుపు దానంతట అదే మూసుకుంటుంది. పిల్లలు ఒక చక్రం తిప్పితే గండి పూడినట్టు, తలుపు తెరుచుకుంటుంది. తిప్పకపోయినా ఆట టైము అయిపోగానే తెరుచుకుంటుంది. బయట మీట నొక్కే అమ్మాయి ఒక బల్ల ముందు లాప్‌టాప్‌తో కూర్చుంటుంది. ఆమె కూర్చున్న చోటికి గది లోపల కనిపించదు.

మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చింది కూడా. శబ్దం అంత బాగా కుదిరింది. పొగలోంచి బయటికి వచ్చి నవ్వాను. ప్రాజెక్టు మేనేజరు ముప్పై దాటిన కుర్రాడు, చురుకైనవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఎలా ఉంది సర్? నిజంగా చెప్పండి."

"భయం వేసింది. అది సరే. తలుపు మూసేముందు లోపలికి చూసేదెవరు?"

"సిస్టం చూసుకుంటుంది సర్."

"సిస్టం దేంతో చూస్తుంది?"

అతను నవ్వి నా భుజం తట్టాడు. "మీరు నేవీ సర్, మాకు ఫ్యామిలీలు. ఇది ఫ్యామిలీ ఫ్రెండ్లీ." ఆ రెండు మాటలూ ఆ భవనంలో ఉప్పులా వాడేవాళ్లు. ఏది వద్దనుకున్నా ఫ్యామిలీ ఫ్రెండ్లీ కాదనేవారు, ఏది కావాలనుకున్నా అవుననేవారు.

ఇక్కడ మీకు బిళ్ల సంగతి చెప్పాలి. ఓడలో నీళ్ల ట్యాంకులు, నూనె ట్యాంకులు, బాయిలరు లోపలి భాగం, ఇలాంటి మూత ఉన్న చోట్ల లోపలికి మనిషి దిగి పనిచేయాల్సి వస్తుంది. మా ఓడలో ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. లోపలికి దిగేముందు దాన్ని మూత పక్కన కొక్కేనికి తగిలించాలి. పని అయ్యి బయటికి వచ్చాక ఎవరి బిళ్ల వాళ్లే తీసుకోవాలి. కొక్కేనికి ఒక్క బిళ్ల వేలాడుతున్నా ఆ మూత వెయ్యకూడదు, దాని లోపలి యంత్రం తిప్పకూడదు. కెప్టెన్ వచ్చి చెప్పినా సరే. ఇంకొకరి బిళ్ల మీద చెయ్యి వెయ్యడమంటే మాలో ఒకడి చెంప మీద కొట్టినట్టే.

నాకు పని నేర్పిన పెద్దాయన పంజాబీ. మాట తక్కువ. చేరిన మొదటి రోజు నా బిళ్ల నా చేతిలో పెట్టి, "కొక్కేనికి ఇది లేకపోతే నువ్వు లోపల లేనట్టే. ఉండీ లేనట్టే" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మా తోటివాడు ఒకడు ట్యాంకులో మరిచిపోయిన స్పానర్ కోసం, ఒక్క నిమిషం పనే కదా అని, బిళ్ల తగిలించకుండా దిగాడు. మా డ్యూటీ కాదు, వేరే బ్యాచ్ డ్యూటీ. కొక్కెం ఖాళీగా ఉంది కాబట్టి పద్ధతి ప్రకారమే మూత బిగించారు. భోజనాల దగ్గర అతని కంచం ఒక్కటీ అలాగే ఉండిపోవడం చూసి ఎవరికో అనుమానం వచ్చింది. బతికాడు. కానీ ఆ తర్వాత మెట్లు దిగి కిందికి రాలేదు. వాన పడుతున్నా పై డెక్కు మీదే పడుకునేవాడు. చివరికి ఒడ్డు మీద ఉద్యోగానికి మార్చారు.

ఈ సంగతంతా సెల్లార్‌లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. నా బిళ్ల ఇంకా నా దగ్గరే ఉంది, అది కూడా చూపించాను. తలుపు పక్కన కొక్కేల పలక ఒకటి పెట్టండి, లోపలికి వెళ్లే ప్రతివాళ్లకీ బిళ్ల ఇవ్వండి, తగిలించి వెళతారు, తీసుకుని వస్తారు, ఒక మనిషి అక్కడ నిలబడి చూస్తాడు, పలక ఖాళీ అయ్యాకే తర్వాతి వాళ్లకు తలుపు, లోపల ఎవరున్నారో తెలిశాకే మీట, అన్నాను. ఆటకి ఆటా అవుతుంది, పిల్లలకు నిజమైన పని ఒకటి నేర్పినట్టూ అవుతుంది.

అందరి ముఖాలూ వెలిగాయి. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది కూడా. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో.

ఆ గుంపు వెనక చీపురు పట్టుకుని నిలబడి విన్న మనిషి ఒకామె ఉంది. హౌస్‌కీపింగ్ ఆమె, నలభై ఏళ్లుంటాయి, వికారాబాద్ వైపు ఊరు, కొత్తగూడలో కిరాయికి ఉంటుంది. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"సారూ, గా బిళ్ల జర సూడొచ్చా?"

ఇచ్చాను. తిప్పి చూసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"ఇది ఏలాడితే పెద్దసారైనా సరే తలుపు ముయ్యొద్దా?"

"ముయ్యకూడదు."

"మంచిగుంది" అంది. "మా అసొంటోల్లకు గిట్ల ఇయ్యరు గని."

"ఇస్తారమ్మా. లోపలికి వెళ్లే ప్రతివాళ్లకీ ఇవ్వాలి. అదే పద్ధతి."

పది రోజులకు బిళ్లలు తయారై వచ్చాయి. ఇత్తడిరంగు ప్లాస్టిక్. ఒక వైపు ఓడ బొమ్మ, ఇంకో వైపు 'ఓడను కాపాడాను' అని. తాళంచెవులు వేసుకునే రింగు. మేనేజరు గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పోశాడు.

"సర్, మీ ఐడియానే. ఇంటికి తీసుకెళ్లే గిఫ్ట్ కింద మార్చాం."

"ఇంటికి తీసుకెళ్లేది కాదు నాయనా. అక్కడ ఉండాల్సింది."

"పిల్లలు ఖాళీ చేతుల్తో వెళితే ఎలా సర్?"

"పలక ఏది?"

"పలక ముందు సెల్ఫీ పాయింట్ పెడుతున్నాం. కొక్కేలు పిల్లల కళ్లకు తగులుతాయని తీసేశాం. ఫ్యామిలీ ఫ్రెండ్లీ కాదు."

"మోటారు తలుపు పిల్లల చేతులకు తగలదా?"

ఆ మాటకు పక్క బల్లల వాళ్లు తలలెత్తారు. అతను గొంతు తగ్గించాడు. "అంకుల్, మీరు టెన్షన్ పడకండి. సెన్సరు పెడతాం, తర్వాతి ఫేజులో."

అప్పటిదాకా సర్‌ని. ఆ రోజు నుంచి అంకుల్‌ని అయ్యాను. ఎదురు తిరిగే ముసలివాణ్ని ఆ పిలుపుతో మూల కూర్చోబెట్టవచ్చని మీ తరానికి ఎవరు నేర్పారో తెలియదు.

కుటుంబాల రోజు శనివారమని ఖాయం చేశారు. ఉద్యోగులంతా భార్యాపిల్లల్నీ తల్లిదండ్రుల్నీ తీసుకొస్తారు, మ్యూజియం అధికారులు కూడా వచ్చి చూస్తారు. దానికి ముందు మంగళవారం మధ్యాహ్నం రిహార్సల్.

నేను భోజనం చేసి సెల్లార్ ర్యాంపు దిగుతున్నాను. సైరను మోగుతోంది. నీళ్ల శబ్దం వస్తోంది. దాని వెనకే ఇనుము మీద గుద్దుతున్న చప్పుడు. ఆ చప్పుడు రికార్డింగులో ముందే ఉంది. లోపల ఇరుక్కున్న నావికులు గోడ మీద కొడుతున్నట్టు వాళ్లే చేర్చారు. మేనేజరు రెండు చేతులూ నడుముకి పెట్టుకుని, తల ఊపుతూ వింటున్నాడు. నన్ను చూసి, "ఈరోజు సౌండ్ భలే వచ్చింది కదా అంకుల్" అన్నాడు.

ఆట పూర్తయ్యేదాకా సాగింది. తలుపు దానంతట అదే తెరుచుకుంది. పొగలోంచి హౌస్‌కీపింగ్ ఆమె బయటికి వచ్చింది. ఒక చేతిలో తడిగుడ్డ ఉంది. రెండో చేతి వేళ్ల కణుపులు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. రెండడుగులు వేసి గోడ పట్టుకుని కూర్చుంది. దగ్గు ఆగలేదు. మీట నొక్కిన అమ్మాయి కుర్చీలోంచి లేచింది కానీ కదల్లేకపోయింది. సిద్దిపేట పిల్ల, ఇంజనీరింగ్ చదివి చేరి ఏడాదైనా కాలేదు.

నేను నీళ్లు తాగించాను. కాసేపటికి ఆమె మాట్లాడింది.

"కొట్టిన సారూ. మస్తు కొట్టిన. ఎవలన్న ఇంటరేమో అని."

విన్నాం. అందరం విన్నాం. భలే వచ్చిందన్నాం.

సాయంత్రం మీటింగ్ పెట్టారు. నేను అనుకున్నది తలుపు గురించి అని. కాదు. ఆమె అనుమతి లేకుండా రిహార్సల్ ఏరియాలోకి ఎందుకు వెళ్లింది అన్నది విషయం. హౌస్‌కీపింగ్ ఏజెన్సీ సూపర్‌వైజర్ ఆమెను పక్కన నిలబెట్టుకుని, "చెప్పమ్మా, ఎందుకు పోయినవ్ లోపలికి?" అని అడిగాడు.

"రోజు తుడుస్త గద. ఇయ్యాల కూడ తుడువ పోయిన."

"చెప్పి పోవాలె గదా. ఎవరికన్న చెప్పినవా?"

ఆమె నా వైపు చూసింది. "నాకు బిళ్ల లేదు గద సారూ" అంది. "ఉంటే తగిలిచ్చి పోయేదాన్ని."

ఎవరో చిన్నగా నవ్వారు. ఎవరో నాకు తెలుసు. పేరు రాయనన్నాను కాబట్టి రాయడం లేదు.

మరునాటి నుంచి ఆ పనిలోకి వేరే మనిషి వచ్చింది. ఈమెను ఎక్కడికి పంపారని అడిగితే, "ఏజెన్సీ చూసుకుంటుంది అంకుల్, మన పరిధి కాదు" అన్నారు. తలుపు గురించి అడిగితే, "శనివారం దగ్గర పడింది" అన్నారు. పైవాళ్లకు మెయిల్ రాశాను. మోటారు తీసెయ్యండి, లేదా పలక పెట్టి ఒక మనిషిని నిలబెట్టండి, ఈ రెండిట్లో ఏదీ కాకపోతే పిల్లల్ని ఆ గదిలోకి పంపొద్దు, అని విడమరిచి రాశాను. మీ సూచనలకు ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. శుక్రవారం సెల్లార్ గోడకు ఒక పెద్ద బోర్డు కట్టారు. ఓడలో పనిచేసిన నావికుడి స్వీయ పర్యవేక్షణలో, అని రాసి ఉంది. నావికుడంటే నేనే.

ఆ బోర్డు కింద నిలబడి దాన్ని రెండుసార్లు చదివాను. 

శనివారం పొద్దున సెల్లార్ గుర్తుపట్టలేకుండా ఉంది. బెలూన్లు, పాప్‌కార్న్ యంత్రం, పిల్లల నెత్తిన కాగితం కెప్టెన్ టోపీలు. కూకట్‌పల్లి నుంచి, మియాపూర్ నుంచి తాతలూ అమ్మమ్మలూ వచ్చారు. కొందరు పెద్దవాళ్లు కుర్చీలు వెతుక్కుంటున్నారు. వరస తలుపు దగ్గర మొదలై ర్యాంపు దాకా ఉంది. వరసలో మేనేజరు కూతురు కూడా ఉంది. ముందుపళ్లు ఊడిన చిన్నపిల్ల. తండ్రిని చూసి సెల్యూట్ కొడుతోంది, చెయ్యి తప్పు కొడుతోంది.

నేను ఇంటి నుంచి సుత్తీ మేకూ తెచ్చుకున్నాను. తలుపు పక్కన ప్లైవుడ్డుకి మేకు కొట్టాను. జేబులోంచి నా ఇత్తడి బిళ్ల తీసి తగిలించాను. మీట బల్ల దగ్గర కూర్చున్న సిద్దిపేట అమ్మాయి వైపు తిరిగి, ఓడలో అనే మాటే తెలుగులో అన్నాను.

"లోపలికి వెళుతున్నాను. బిళ్ల పెట్టాను."

ఆమెకు ఆ మాటకు జవాబు ఏమిటో తెలుసు. బిళ్ల గురించి చెప్పిన రోజు ముందు వరసలో కూర్చుని విన్నది ఆమే. మేకు వైపు తల తిప్పి, "చూశాను సర్" అంది.

వెళ్లి గదిలో బెంచీ మీద కూర్చున్నాను.

కాసేపటికి మేనేజరు వచ్చాడు. ముఖం మీద నవ్వు ఉంది, గొంతులో లేదు.

"అంకుల్, ఫస్ట్ బ్యాచ్ రావాలి. బయటికి రండి."

"మోటారు వైరు తీసెయ్యి, వస్తాను. లేదా ఆ తలుపు దగ్గర ఒక మనిషిని పెట్టు, వస్తాను."

"ఇప్పుడా? అధికారులు వచ్చేశారు. మీరు ఇలా సీన్ చేస్తే ఎలా?"

"మంగళవారం ఒక మనిషి చేతులు పగిలేలా కొట్టింది. అది సీన్ కాదా?"

"ఆమెకేమీ కాలేదు కదా."

"ఆ మాటే ఇంకోసారి అను. నీ కూతురు రెండో మనిషిగా నిలబడి ఉంది వరసలో. ఆమెను చూస్తూ అను."

అతను వెనక్కి తిరిగి చూడలేదు. వరసలోంచి ఒక పెద్దావిడ, మా కోస్తా వైపు మనిషే, తల లోపలికి పెట్టింది. "ఏవండీ, ఓడలో మీకేవన్నా రిజర్వేషన్ ఉందా? మోకాళ్లు పీకేస్తున్నాయి, నిలబడలేక చస్తున్నాం." వెనక నవ్వులు వినిపించాయి. ఎవరో మగాయన, "నేవీ తాతకి ఓడ మీద బెంగ తీరలేదు" అన్నాడు. నేను లేవలేదు. నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు మింగాను.

మేనేజరు బయటికి వెళ్లి అమ్మాయితో అన్న మాటలు నాకు తలుపులోంచి స్పష్టంగా వినిపించాయి.

"షో స్టార్ట్ చెయ్. ఆయన లోపల ఉంటే ఉండనీ. ఒక పెద్దాయన ఉంటే షోకి ఏం నష్టం? వీళ్లని పంపించి డోర్ క్లోజ్ చెయ్."

"బిళ్ల ఉంది సర్."

"ఏంటి?"

"బిళ్ల ఏలాడుతుంది సర్. నొక్కొద్దు."

 తర్వాత మేకు మీద ఇత్తడి గీరుకున్న చప్పుడు. నేను లేచి నిలబడ్డాను. అతను నా బిళ్ల తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇప్పుడు లేదు. చాలా? నొక్కు" అన్నాడు.

చాలా ఏళ్ల ఉద్యోగంలో ఇంకొకరి బిళ్ల తీసిన మనిషిని నేను చూడలేదు. తాగి పడిపోయినవాళ్లను చూశాను, దొంగతనం చేసినవాళ్లను చూశాను, పై అధికారిని తిట్టి శిక్ష పడినవాళ్లను చూశాను. ఇది చూడలేదు. నా కాళ్లు తలుపు దాకా వెళ్లాయి. ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. చేసే అవసరం రాలేదు.

ఆ అమ్మాయి లేచింది. అతని చేతిలోంచి బిళ్ల తీసుకుంది. లాక్కోలేదు, అడిగి తీసుకున్నట్టే తీసుకుంది. తెచ్చి మళ్లీ మేకుకి తగిలించింది.

"మంగళవారం నొక్కింది నేనే సర్" అంది. "మీరు నొక్కమంటే నొక్కిన. ఆమె కొడుతుంటే మంచిగ ఒచ్చిందనుకున్న. ఇగ నొక్కను. మీరే నొక్కుండ్రి."

లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. వరసలో నవ్వులు ఆగాయి. పెద్దావిడ పక్కనున్న కొడుకుని, "మంగళవారం ఏమైందిరా?" అని అడిగింది.  మ్యూజియం అధికారి ఒకాయన ముందుకి వచ్చి, "ఏమైంది? ఆ బిళ్ల ఏమిటి?" అన్నాడు. మేనేజరు మీట వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, అప్పుడు మాత్రం కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల సెల్యూట్ కొట్టడానికి చెయ్యి ఎత్తి, తండ్రి ముఖం చూసి దించేసింది.

అతను నొక్కలేదు.

ఆ రోజు తలుపు తెరిచే ఉంచారు. మోటారు వైరు ఊడదీశాక నేను బయటికి వచ్చి నా బిళ్ల నేను తీసుకున్నాను. పిల్లలు తెరిచిన తలుపులోంచి లోపలికీ బయటికీ పరిగెత్తారు, చక్రం తిప్పారు, పాప్‌కార్న్ ఒలకబోశారు. ఒక్క పిల్ల కూడా తలుపు ఎందుకు మూసుకోలేదని ఏడవలేదు.

సోమవారం నాకు మర్యాదైన మెయిల్ వచ్చింది. నా సేవలు ఈ దశకు సరిపోయాయట. గోడ మీది బోర్డు మాత్రం నేను వెళ్లి నా సామాను తెచ్చుకునేనాటికి ఇంకా అలాగే ఉంది. అమ్మాయిని వేరే ప్రాజెక్టుకి మార్చారు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది.

ఓడ తెరిచిన కొన్ని నెలలకు మా ఆవిడా నేనూ తీరానికి వెళ్లాం. మామూలు జనంలా టికెట్టు కొనుక్కుని ఎక్కాం. పై డెక్కు బాగుంది. జనం ఫొటోలు దిగుతున్నారు. మెట్లు దిగి ఆ గది దగ్గరికి వెళ్లాను. మా తలుపు దాని చోట అది ఉంది. మోటారు లేదు. దాని దగ్గర చూసే మనిషీ లేడు. తెరిచి గోడకు వెల్డింగ్ చేసేశారు. ఇక ఎప్పటికీ మూసుకోదు.

మా ఆవిడ, "పోనీలెండి, మీరు అడిగిందే అయింది కదా" అంది.

నేను అడిగింది అది కాదు. తలుపు మూసేముందు లోపలికి చూసే ఒక మనిషిని అడిగాను. ఆ ఒక్క మనిషిని నిలబెట్టడం కంటే ఉక్కు తలుపుని గోడకు అతికించడం వాళ్లకు సులువనిపించింది. పిల్లలు ఇప్పుడు ఆ తలుపు పక్క నుంచి వెళుతున్నారు. అది ఏం చేసేదో ఎవరికీ తెలియదు. లోపల మనిషి ఉంటే ఏం చేయాలో అసలే తెలియదు. బయటికి వచ్చే దారిలో ప్లాస్టిక్ బిళ్లలు ఇస్తున్నారు, ఓడను కాపాడాను అని. నాకూ ఒకటి ఇచ్చారు. అక్కడే బల్ల మీద పెట్టి వచ్చాను.

హైదరాబాద్ తిరిగి వచ్చాక ఆమె కోసం వెతికాను. ఏజెన్సీ వాళ్లు చెప్పలేదు. భవనంలో తుడిచే మిగతా ఆడవాళ్లు చెప్పారు. కొత్తగూడ ఫ్లైఓవర్ అవతల ఇంకో ఆఫీసులో పనికి కుదిరిందట. మధ్యాహ్నం వెళితే ఆ భవనం వెనక మెట్ల మీద టిఫిను డబ్బా విప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కనే కూర్చున్నాను. చెయ్యి చూపించమన్నాను. కణుపుల మీద మచ్చలు మిగిలాయి.

"దగ్గు తగ్గిందా అమ్మా?"

"తగ్గింది సారూ. లిఫ్టు తలుపు మూసుకుంటే మాత్రం పరేషాన్ అయితది. మెట్లెక్కి పోత." అటూ ఇటూ చూసి, "నేనొక పని చేస్తున్న సారూ, సెప్తే నవ్వద్దు" అంది.

"నవ్వను."

"బాత్రూములు కడగనీకి పోయినప్పుడు, స్టోరు రూముల పోయినప్పుడు, నా కార్డు మెడలకెల్లి తీసి బయట తలుపు పిడికి తగిలిస్త. లోపల మనిషి ఉన్నదని తెల్వాలె గద."

ఆమె మెడలో వేలాడుతున్న కార్డు వైపు చూశాను.

"సూపర్‌వైజర్ చూసి తిట్టిండు. కార్డు మెడల్నే ఉండాల్నట, రూలట. తీసి మెడల ఏస్కో అన్నడు."

"నువ్వేమన్నావు?"

ఆమె డబ్బా మూత బిగించింది. "నేను బయటికొచ్చినంక తీస్త అన్న."